పెద్ద మార్పేమీ లేదు

మార్చి పదకొండు, బుధవారం. ఆ పొద్దున పురాణంగారు తిన్నది మాడిన బ్రెడ్డు, సగమే ఉడికిన గుడ్డు, బాగా మగ్గిన అరటిపండు. ఒక పొయ్యి మీద గుడ్డు ఉడుకుతోంది, రెండో పొయ్యి మీద పెనంలో బ్రెడ్డు కాలుతోంది. అప్పుడు ఫోనులో ఒక మెయిల్ వచ్చింది. చదువుతూ అలాగే నిలబడిపోయారు. మాడు వాసనకి ఉలిక్కిపడి మంట ఆపారు గానీ, ఆపింది గుడ్డు కింద మంట. అరటిపండు ఒక్కటే ఆయన చేతుల్లో పడి కూడా చెడిపోకుండా బయటపడింది. తినడానికి అదైనా ఉన్నందుకు సంతోషించారు.

ఆయన అసలు పేరు ఇంటి బయట పలక మీద ఉంది. పనిలో మాత్రం అందరికీ పురాణంగారే. కంప్యూటరులో మనకి కనపడే బొమ్మలకీ అక్షరాలకీ అడుగున కెర్నల్ అని ఒకటుంటుంది. ఏ ప్రోగ్రాముకి ఎంత చోటివ్వాలో, ఎవరు ఎవరి చోట్లోకి తొంగి చూడకూడదో అదే చూసుకుంటుంది. ఆయన పనిచేసే కెర్నల్‌ని ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాస్తారు, రాసిందంతా అందరికీ కనపడేలా బయట పెడతారు. అందులో ఒక మూల, ప్రోగ్రాములు ఒకదానికొకటి కబుర్లు పంపుకునే దారి, పురాణంగారి వంతు. జీతమిచ్చే కంపెనీ నుంచి రిటైరైనా ఆ మూలని మాత్రం వదల్లేదు.

ఎవరు ఏ మార్పు చేసినా, ఎందుకు చేశారో కింద ఒక నోటు రాయాలి. మిగతావాళ్లు రెండు ముక్కలు రాసి చేతులు దులుపుకుంటారు. ఈయన కెర్నల్‌లో ఒక్క గీత, అంటే ఒక్క వరస, దిద్దితే రెండు పేజీలు రాస్తారు. ఆ గీత మొదట ఎవరు గీశారు, అప్పుడేమనుకుని గీశారు, ఇప్పుడెందుకు నప్పడం లేదు, ఇంకెలా దిద్దవచ్చు, అలా ఎందుకు దిద్దలేదు. ఆ పేరు అలా వచ్చింది. భార్య ఉన్న రోజుల్లో, "మీ నోటు చదవాలంటే సెలవు పెట్టాలండీ" అనేది. కంప్యూటర్ల గురించి ఆవిడకి ఒక్క ముక్క తెలియదు. అయినా ప్రతి నోటూ చదివించుకుని వినేది, సగంలో నిద్రపోయేది. అంత హాయిగా నిద్రపోయే శ్రోత మళ్లీ దొరకలేదు ఆయనకి.

మెయిల్ రాసిన అమ్మాయి కంప్యూటర్లలో కన్నాలు వెతకడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి. పురాణంగారి మూలలో ఒక కన్నం ఉందని రాసింది. ఎలా దూరవచ్చో చేసి కూడా చూపించింది. సంగతేమిటంటే, ఒక ప్రోగ్రాము తన గది ఖాళీ చేసి వెళ్లిపోతుంది, తాళంచెవి మాత్రం తిరిగివ్వదు. ఆ గదిని కెర్నల్ ఇంకొకరికి ఇస్తుంది. పాతవాడు ఆ చెవితోనే మళ్లీ తలుపు తీసుకుని లోపలికొస్తాడు. లోపలున్నవాడు మెషీన్‌కి యజమాని అయితే, వీడూ యజమాని అయి కూర్చుంటాడు. ఇక ఆ మెషీన్లో వీడు చూడలేనిదీ మార్చలేనిదీ ఉండదు. కావలసిందల్లా ఆ మెషీన్లో ఏదో ఒక మామూలు ఖాతా.

కన్నం పూడ్చడం కష్టం కాలేదు. గది ఖాళీ చేసేటప్పుడు తాళంచెవులు లెక్కపెట్టే చోట ఒక లెక్క తప్పుతోంది. మూడు గీతలు మారిస్తే సరిపోయింది. కష్టమంతా ఆ మూడు గీతల కింద రాయాల్సిన నోటుతో వచ్చింది.

ఇలాంటివి దొరికినప్పుడు ఈ పనివాళ్లకి ఒక పద్ధతుంది. ప్యాచ్‌ని, అంటే దిద్దిన ఆ ముక్కని, ముందు నలుగురిలోకీ వదులుతారు, అందరి మెషీన్లకీ చేరాలి కాబట్టి. కానీ అది కన్నం పూడ్చేదని చెప్పరు. చెప్తే అందరికంటే ముందు చదివేది దొంగలు. ఏదో చిల్లర మరమ్మతు అన్నట్టు చప్పగా ఒక నోటు రాసి వదిలి, ఒక రోజు నిర్ణయించుకుని, ఆ రోజున అసలు విషయం అందరికీ ఒకేసారి చెప్తారు. అందాకా తెలిసినవాళ్లంతా నోరు కట్టేసుకోవాలి. కట్టించే పెద్దమనిషిని మౌనంగారంటారు. ఆయన ఫోను చేస్తే పెట్టడు.

"ఎవరికీ చెప్పకూడదు. భార్యకి, పిల్లలకి, పక్కింటివాళ్లకి, కుక్కకి కూడా" అన్నాడు మౌనంగారు. "ఒక్కొక్కడూ ఒక్కరికే చెప్తాడండీ. అలా ఒక్కొక్కరికే చెప్పుకుంటూ లోకమంతా చెప్పేస్తారు. పోయినసారి ఏమైందో చెప్పానా మీకు?"

"చెప్పారు."

"అయినా వినండి" అని అదంతా మళ్లీ చెప్పాడు. చివర్లో, "మీ పురాణం గిరాణం వద్దు. ఒక్క వాక్యం. ఎవరికీ ఆవలింత తప్ప ఇంకేమీ రాకూడదు" అన్నాడు.

పురాణంగారు ఒక పూటంతా కూర్చుని, ఒక్క వాక్యంతో సరిపెట్టుకోలేక రెండు రాశారు. "లెక్క కొంచెం సర్దాను. పెద్ద మార్పేమీ లేదు." పంపేటప్పుడు చొక్కా లేకుండా వీధిలోకి వెళ్తున్నట్టనిపించింది. అసలు విషయం చెప్పే రోజు వచ్చేవారం గురువారమని నిర్ణయమైంది.

అందరూ అలా ఆవలించి ఊరుకుంటే బాగానే ఉండేది. కానీ ఆ నోట్లన్నీ కూర్చుని చదివే మనిషి ఆయన ఇంట్లోనే ఉంది. ఆయన కోడలు.

కోడలు ఒక ఆసుపత్రి ల్యాబులో కంప్యూటర్లు చూసుకుంటుంది. ఊళ్లో ఎవరి రక్తం తీసినా ఆ పరీక్ష ఫలితం ఆమె సర్వర్ మీదుగానే డాక్టరుకి చేరాలి. నర్సులకీ, టెక్నీషియన్లకీ, పని నేర్చుకునే విద్యార్థులకీ అందరికీ అందులో ఖాతాలున్నాయి. అంటే దొంగ లోపలికి రావడానికి కావలసిన మామూలు ఖాతాలు కొల్లలు. వచ్చినవాడు డబ్బు కోసం అన్నిటికీ తాళం వేసేయవచ్చు. లేదా సరదాకి ఒకరి బ్లడ్ గ్రూపు ఇంకొకరికి రాసేయవచ్చు. మెయిల్ చదివిన పొద్దుటి నుంచి పురాణంగారి కళ్ల ముందు తిరుగుతున్నది ఆ ఒక్క అక్షరమే. 'ఎ' ఉండాల్సిన చోట 'బి'.

ప్యాచ్ కోడలి దగ్గరికీ చేరింది. కానీ చేరితే చాలదు, సర్వర్ని ఆపి మళ్లీ మొదలుపెడితేనే అది పనిచేస్తుంది. అక్కడ ఆపడమంటే మాటలు కాదు. రక్తం పరీక్షించే యంత్రాల్లో ఒకటుంది, సర్వర్ ఒక్కసారి ఆగితే అలిగి కూర్చుంటుంది. బుజ్జగించి దాన్ని మళ్లీ కలుపుకునేసరికి సగం రోజు పడుతుంది. ల్యాబు పెద్ద డాక్టరమ్మ ఒంటికాలి మీద లేస్తుంది. అందుకని నెలకొక ఆదివారం తప్ప ఆపకూడదని నియమం. మధ్యలో ఆపాలంటే, ఇది భద్రతకి సంబంధించినదని నోటులో రాసుండాలి, ఆ నోటు డాక్టరమ్మకి చూపించాలి.

ఈ నెల ఆదివారం మొన్ననే అయిపోయింది.

మొదటి రోజు భోజనాల దగ్గర పురాణంగారు తేలిగ్గా ఎత్తుకున్నారు. "ఏమ్మా, మీ సర్వర్ని రీస్టార్ట్ చేసి చాలా రోజులైనట్టుంది?"

"మొన్ననేగా మామయ్యా. మీరే అడిగారు, ఎలా జరిగిందని."

"అవునా. మెషీన్లకి అప్పుడప్పుడూ కాస్త విశ్రాంతి ఇస్తే మంచిదేలే."

కోడలు చెంచా ఆపి చూసింది. "నడుస్తున్న మెషీన్ జోలికి కారణం లేకుండా పోవద్దని నాకు నేర్పిందెవరు? నోటు చదవకుండా వేలు పెట్టొద్దని చెప్పిందెవరు?"

"నేనే. అప్పుడు చెప్పాను."

"ఇప్పుడు మారిందా?"

"మారలేదు. కూర బాగుంది" అన్నారు పురాణంగారు. కూర చేసింది ఆయనే.

రెండో రోజు సర్వర్ ఫ్యాన్లలో పేరుకునే దుమ్ము గురించి మాట్లాడారు. కోడలు పోయిన నెలే తుడిపించానంది. మూడో రోజు అలిగే యంత్రం గురించి ఆరా తీశారు. దాన్ని ఒకసారి ఆపి, తొందరగా కలుపుకోవడం సాధన చేస్తే ఎలా ఉంటుందని అడిగారు. "మనుషుల రక్తంతోనా సాధన?" అంది కోడలు. ఆమె అన్న ప్రతి మాటా తను నేర్పిందే. ఒక్కటీ మర్చిపోలేదు. ఇంత బుద్ధిగా నేర్చుకున్నందుకు సంతోషించాలో, నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. చెప్తే ఇచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే ఎవరి ప్రాణం మీదకైనా రావచ్చు. కక్కలేక మింగలేక, తిన్నదాని రుచి కూడా తెలియడం మానేసింది.

కొడుకు బస్సు డ్రైవరు. మెషీన్ల గొడవ పట్టదు గానీ మనుషుల మొహాలు చూసి పట్టేస్తాడు. గిన్నెలు కడుగుతూ అన్నాడు, "నాన్నా, నా బస్సుకి బ్రేకులు పోయాయని నీకు తెలిస్తే, ఇలాగే దుమ్ము గురించి మాట్లాడతావా?"

"నీ బస్సుకేమైంది?"

"బస్సుకేం కాలేదు. నీకేదో అయింది. మూడు రోజులుగా నీ కోడల్ని చంపుతున్నావు. అదొచ్చి నన్ను చంపుతోంది, మీ నాన్నకి నా పని మీద నమ్మకం పోయిందా అని."

పురాణంగారు తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచారు. నమ్మకం పోవడమా. ఈ నోట్లన్నీ చదివే వాళ్లలో ఆయన నమ్మేదే ఆ పిల్లని.

శనివారం పొద్దున కొడుకు డ్యూటీకి వెళ్లాడు. కోడలు ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని వచ్చే నెలలో వేయాల్సిన ప్యాచ్‌ల నోట్లు ఒక్కొక్కటే చదువుతోంది. పురాణంగారు పేపరు తిరగేస్తున్నట్టు కూర్చున్నారు.

"మామయ్యా, ఇది మీరు రాశారా?"

"ఏది?"

"లెక్క కొంచెం సర్దాను. పెద్ద మార్పేమీ లేదు."

"కింద నా పేరుందిగా."

"అందుకే అడుగుతున్నా. ఇంతేనా?"

"అంతే."

"ఇంకెక్కడైనా మిగతాది ఉందా?"

"లేదు."

కోడలు ఆయన వైపు తిరిగి కూర్చుంది. "ఒంట్లో బాగానే ఉందా మీకు? పోయినేడాది ఒక అక్షరదోషం దిద్దినందుకు మీరు రాసిన నోటు నేను భోజనం టైమంతా చదివాను. ఆ అక్షరం మొదట రాసినతని కీబోర్డు పాడైన సంగతి కూడా ఉంది అందులో."

"అది ముఖ్యమైన విషయమే."

"లెక్క ముఖ్యం కాదా? ఏ లెక్క, ఎందుకు తప్పింది, ఎప్పటి నుంచి తప్పుతోంది, ఏమీ లేదు. మీరు పాలవాడికి చీటీ రాసినా ఇంతకంటే పొడుగ్గా ఉంటుంది."

పురాణంగారు పేపరులో తల పెట్టారు. అది క్రీడల పేజీ. ఆయన జన్మలో చదవని పేజీ.

కోడలు మళ్లీ ఆ మూడు గీతలూ చూసింది. ఆయన మొహం చూసింది. రీస్టార్టు, దుమ్ము, సాధన, అన్నీ ఒక్కొక్కటే ఆమె కళ్లలోకి రావడం పేపరు పై అంచు మీద నుంచి ఆయనకి కనపడుతూనే ఉంది. ఆమె లేచి రెండు గ్లాసులతో నీళ్లు తెచ్చి, ఒకటి ఆయన ముందు పెట్టింది.

"నేనేమీ అడగడం లేదు" అంది. "మీరేమీ చెప్పకండి."

"నేనేం చెప్పాను?"

"ఏమీ చెప్పలేదు. అదే కదా సంగతి."

ఆ గ్లాసు నీళ్లు ఆయనకి ఎంత హాయిగా దిగాయో చెప్పలేం. కానీ ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు.

"ఇప్పుడు నేనేం చేయాలి మామయ్యా? డాక్టరమ్మకి ఈ నోటు చూపించి సర్వర్ ఆపుతానంటే, 'పెద్ద మార్పేమీ లేదని రాసుంది, చదువు రాదా నీకు' అంటుంది. మా మామయ్య తక్కువ రాశారు కాబట్టి ఆపాలి అని చెప్పనా?"

పురాణంగారు తల పట్టుకున్నారు.

"ఇంకో మాట" అంది కోడలు, గొంతు తగ్గించి. "మీరు రాసేవన్నీ చదివేది నేనొక్కదాన్నే అనుకుంటున్నారా?"

ఆయన తల పైకెత్తారు.

ఇన్నేళ్లుగా తన పురాణాలు బయట పడి ఉన్నాయి. ఎవరైనా చదవవచ్చు. చదివినవాళ్లెవరైనా, ఈ రెండు వాక్యాలు చూస్తే కోడలు అనుకున్నదే అనుకుంటారు. ఇంకెవరి నోటైనా చప్పగా ఉంటే ఎవరికీ అనుమానం రాదు. ఈయన నోటు చప్పగా ఉండటమంటే గుమ్మానికి బోర్డు కట్టినట్టే. దొంగల కళ్లు కప్పుదామని తనే దీపం పెట్టి దారి చూపించారు.

గదిలోకి వెళ్లి తలుపేసుకుని మౌనంగారికి ఫోను చేశారు.

"రోజు ముందుకు జరపాలి. నోటే పట్టించేసింది" అన్నారు.

"ఎవరికి పట్టించింది?"

"మా కోడలికి."

"చెప్పేశారా? నేను చెప్పానా లేదా, ఒక్కొక్కడూ ఒక్కరికే..."

"నేను చెప్పలేదండీ. చెప్పకపోవడం వల్లే తెలిసింది. నోటు పొట్టిగా ఉందట."

మౌనంగారు నవ్వాడు. "మీ కోడలు మిమ్మల్ని రోజూ చూస్తుంది. దొంగలు మీ ఇంట్లో భోంచేస్తున్నారా? నిర్ణయించిన రోజు మార్చాలంటే ఎంతమందికి చెప్పుకోవాలో తెలుసా? ఒక పెద్ద కంపెనీవాళ్లయితే ముందు తమ మెషీన్లు సర్దుకోవాలి, బుధవారం దాకా కదలలేం అన్నారు. వాళ్లతో నేను పడ్డ పాట్లు..."

"దొంగలు నాతో భోంచేయరు గానీ నేను రాసింది చదువుతారు. మీరొక పని చేయండి. మనవాళ్లంతా రాసుకునే మెయిలింగ్ లిస్టు తెరిచి, నా ప్యాచ్ కింద ఎవరైనా ఏమైనా రాశారేమో చూడండి. నాకు భయమేసి నేను చూడలేదు."

అవతల టకటకమని చప్పుడయింది. తర్వాత మౌనంగారు, పరిచయమైన ఇన్నేళ్లలో మొదటిసారి, మాట్లాడకుండా ఉన్నాడు.

"ఏముంది?" అడిగారు పురాణంగారు.

"ఒకాయన నిన్న సాయంత్రం రాశాడు. 'పురాణంగారికి ఏమైంది, రెండు ముక్కల్లో ముగించారు, ఒంట్లో బాగాలేదా' అని. పక్కన నవ్వుతున్న బొమ్మ."

"ఇంకా?"

"దాని కింద ఇంకొకరు. ఈ పేరు ఎప్పుడూ చూళ్లేదు నేను. 'ఏ లెక్క సర్దారు? ఎందుకు?' అని అడిగాడు."



"సోమవారం పొద్దున చెప్పేద్దాం" అన్నాడు మౌనంగారు. "ఆ కంపెనీవాళ్లు నన్ను కూరలో కరివేపాకులా తీసి పారేసినా సరే. అసలు నోటు రాసి పెట్టండి. ఈసారి ఎంత పొడుగైనా నేనేమీ అనను."

ఆదివారమంతా పురాణంగారు రాశారు. తాళంచెవుల లెక్క ఎక్కడ తప్పిందో, ఎవరెవరి మెషీన్లు ప్రమాదంలో ఉన్నాయో, ఎవరు వెంటనే ఆపి తీరాలో, ఎవరు కాస్త ఆగవచ్చో రాశారు. కన్నం కనిపెట్టిన అమ్మాయికి కృతజ్ఞతలు రాశారు. 'భద్రత' అన్న మాట మొదటి వరసలో పెట్టారు, చదివే ఓపిక లేని డాక్టరమ్మలు కూడా ఉంటారని గుర్తుంచుకుని. కోడలు ఆ గది వైపు కూడా రాలేదు. టీ మాత్రం తెచ్చి గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి వెళ్లింది.

సోమవారం పొద్దున నోటు బయటికి వచ్చింది. కోడలు దాన్ని కాగితం మీద అచ్చు తీయించి డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ మొదటి వరస చదివింది, మొత్తం ఎన్ని కాగితాలో చూసింది, "సరే, ఏడువు" అంది. నమూనాలు తక్కువగా వచ్చే వేళ చూసి సర్వర్ ఆపారు. ఫలితాలు చేత్తో రాసి వార్డులకి పరిగెత్తించారు. నర్సులు విసుక్కున్నారు. అలిగే యంత్రం అలిగింది. సర్వర్ లేచాక కూడా అది గోడకేసి చూస్తూ కూర్చుంది. టెక్నీషియను ఒకామె తన షిఫ్టు అయిపోయినా వెళ్లకుండా, కోడలి పక్కన నేల మీద కూర్చుని కేబుళ్లు ఒక్కొక్కటే పట్టుకుంది. ఎవరూ ఆమెని అడగలేదు. సాయంత్రానికి యంత్రం అలక మానింది.

కోడలు ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"అయిందా?" అడిగారు పురాణంగారు.

"అయింది. లోపలికి ఎవరూ వచ్చిన జాడ లేదు. ఉన్నంతలో అన్నీ వెతికాను. గ్రూపులన్నీ పాత కాగితాలతో సరిచూశాను. ఒక్కటీ మారలేదు."

ఆయన భుజాలు కిందికి దిగాయి. "మరి ఆ మొహమేంటి?"

"డాక్టరమ్మ వచ్చి అడిగింది, 'ఏం జరిగింది చివరికి' అని. ఏమీ జరగలేదు డాక్టర్ అన్నాను. 'ఏమీ జరగనిదానికా నా ల్యాబు పూటంతా మూసేశావు' అంది."

"ఏమీ జరగకుండా ఉండటానికేనమ్మా మూసింది."

"అదే చెప్పాను. 'నువ్వు మూయకపోయినా ఏమీ జరిగేది కాదేమో' అంది. దానికేం చెప్పను?"

పురాణంగారికి ఒళ్లు మండింది. ఆవిడకి తను ఒక నోటు రాస్తానన్నారు.

"వద్దు మామయ్యా. చదివి మళ్లీ నా మీదే పడుతుంది" అంది కోడలు. కళ్లు మూసుకునే నవ్వింది. "మీ వాళ్లేమంటున్నారు?"

"ఏమంటారు. కన్నం గురించి ఒక్కడూ మాట్లాడటం లేదు. నోటు మరీ పొడుగైందని ఇరవైమంది రాశారు. మౌనంగారు ఫోను చేసి, పోయినసారి ఏమైందో మళ్లీ చెప్పాడు. ఆ కొత్త పేరుతో అడిగినవాడు ఎవరో ఇంకా తెలియలేదట. లేచి రెండు ముద్దలు తిను."

తిన్నది. సగం తిని, ఒక్క నిమిషం నడుం వాలుస్తానని గదిలోకి వెళ్లింది. కొడుకు డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. పురాణంగారు బల్ల తుడిచి, కొడుక్కి భోజనం మూత పెట్టి అటుగా వెళ్లారు. కోడలు మంచం మీద అడ్డంగా పడి నిద్రపోతోంది. ఒక బూటు కాలికి ఉంది, ఒకటి చేతిలో ఉంది. చేతిలోది మెల్లగా తీసి కింద పెట్టారు. కాలిది విప్పితే లేస్తుందేమోనని ఊరుకున్నారు. దీపం ఆర్పి, గడియ చప్పుడు కాకుండా పిడిని తిప్పి పట్టుకుని, తలుపు దగ్గరికి వేశారు.